పేరు చెప్పకూడని ఉప్పు

సౌదీలోని అల్ ఖర్జ్ బోరు నీళ్లను గాజుగ్లాసులో పోసి చూస్తే ఏ దోషమూ కనపడదు. ఆ గ్లాసును కిటికీలో పెట్టి ఆరనిస్తే మాత్రం అడుగున తెల్లటి వలయం ఒకటి మిగిలిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ వలయంతోనే గడిచింది. అది పెద్ద పాల ఫారం. ఆవులు తాగడానికి, ఎండాకాలం వాటి మీద తుంపరగా చల్లడానికి, పాలు పారే గొట్టాలు కడగడానికి, అన్నిటికీ నీళ్లే. ఆ నీళ్లలోంచి ఉప్పులు తీసే ప్లాంటులో నేను కెమిస్టుని. పొద్దున నమూనాలు పట్టి పరీక్షించి అంకెలు రాయడం, సాయంత్రం గదికి వచ్చాక సొంత డైరీ రాసుకోవడం. రిటైరైనా ఆ రెండో అలవాటు పోలేదు.

ఇప్పుడు రాస్తున్నది ఉద్యోగం చివరి ఏడాదిలో జరిగింది. ఆ రోజుల డైరీ తీసి చూస్తే నీటి కాఠిన్యం, గాలిదుమారం తప్ప ఇంకేమీ లేదు. రాయడానికి అప్పుడు చెయ్యి రాలేదు. కాబట్టి ఇదంతా గుర్తున్నంత మేరకే.

మా ప్లాంటులో గొట్టాలు విప్పి బిగించే ఫిట్టరు జగిత్యాల వైపు మనిషి. నాకంటే బాగా చిన్నవాడు. ప్రశ్నలు అడగడం అతనికి సరదా. పాలగొట్టాలను ముందు కాస్టిక్ సోడాతో, తర్వాత ఆమ్లంతో కడుగుతారు. ఆ రెండు కడుగునీళ్లూ వెనకాల సిమెంటు గుంటలో కలుస్తాయి. కలిసిన చోట నీళ్లు వెచ్చబడతాయి. ఒకరోజు అతను ఆ గుంట గోడ మీద చెయ్యి పెట్టి అన్నాడు.

“సార్, ఒక దాంట్ల వేలు పెడితె తోలు ఊడొస్తది. ఇంకో దాంట్ల పెడితె మాంసం కాల్తది. రెండు కలిసినంక గింత సప్పుడు లేకుంట గిట్ల పడి ఉంటయేంది?”

“ఒకదాని బలాన్ని ఒకటి తినేశాయి. మిగిలింది ఉప్పు, నీళ్లు.”

“రెండు విషాలు కలిస్తె ఉప్పాయె! మా ఇంట్ల మా అమ్మ, నా పెండ్లాం రోజూ కలుస్తరు. గాడ ఉప్పు గూడ మిగల్తలేదు సార్.”

ఆ రోజు నుంచి టీ వేళ అతనికి ఉప్పుల పాఠం ఒక కాలక్షేపం అయింది. ఆమ్లం, క్షారం సరిసమానంగా తీరిపోతే తటస్థ లవణం, కూరలో వేసే ఉప్పులాంటిది. ఆమ్లంలో పోవలసిన హైడ్రోజన్ పూర్తిగా పోకుండా కొంత మిగిలితే ఆమ్ల లవణం, బజ్జీల పిండిలో కలిపే వంటసోడా ఆ జాతి. రెండు ఉప్పులు ఒకే స్ఫటికంలో కాపురం పెడితే జంట లవణం, మంగలి గడ్డం గీసి రాసే పటిక అలాంటిదే. ఇవి కాక ఇంకో దారి ఉంది. నీళ్లలో కరిగి ఉన్న రెండు ఉప్పులు జతలు మార్చుకుంటాయి. కొత్త జతల్లో ఒకటి నీళ్లలో కరగనిదైతే అది తెల్లగా విడిపోయి కిందికి దిగుతుంది. మా గొట్టాల లోపల పేరుకునే పెచ్చు అదే. అందులోనూ జాతులున్నాయి. సుద్ద జాతి పెచ్చు మీద ఆమ్లం పోస్తే నురగలెత్తి కరిగిపోతుంది. జిప్సం జాతి పెచ్చు ఆమ్లానికి చలించదు. దానికి సుత్తీ ఉలీ తప్ప మందు లేదు.

ఫిట్టరుకు మూత్రపిండంలో రాయి ఉందని తెలిసింది ఆ వేసవిలోనే. నడుము పట్టుకుని పంపుషెడ్డులో నేల మీద దొర్లాడు. స్కాన్ తీసిన డాక్టరు రాయి పెద్దది, దానంతట అది రాదు, ఆపరేషన్ చెయ్యాలి అన్నాడు. ఎండలో గొట్టపు లైను వెంబడి రోజంతా పని. మరుగుదొడ్డి దూరం. లేచి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగేవాడు. చాలామంది అంతే. ఒంట్లో నీళ్లు తగ్గితే కాల్షియం, ఆక్సాలిక్ ఆమ్లపు ఉప్పు ఒకచోట చేరి రాయవుతాయి. మా గొట్టాల్లో ఏం జరుగుతుందో అక్కడా అదే.

“అయితే గా ఆమ్లమేదో నాక్కూడ కొద్దిగ పొయ్యరాదు సార్?” అన్నాడు నొప్పి తగ్గిన మరునాడు.

“నీది ఒళ్లు తట్టుకునే ఆమ్లానికి కరిగే జాతి కాదు. ఆపరేషన్ చేయించుకో.”

“ఆపరేషన్ అయినంక బరువు లేపద్దంటరు. బరువు లేపనోడు ఫిట్టరెట్లయితడు? ఇంటికి పొమ్మంటరు. మా ఊర్ల అవ్వ మందిస్తది సార్. మా చిన్నాయినకు పడ్డది రాయి.”

ఆ అవ్వ గురించి చాలా చెప్పాడు. రాళ్ల మందు అత్త నుంచి కోడలికి వస్తుందట. ఏదో ఆకు పొడి, దాంతో ఒక తెల్లటి పొడి. పరగడుపున మజ్జిగలో కలిపి తాగాలి. వంకాయ, గుమ్మడికాయ తినకూడదని పథ్యం. అన్నిటికీ మించిన నియమం ఒకటి ఉంది. మందు పేరు అడగకూడదు, అవ్వ చెప్పకూడదు. తెచ్చే మనిషి దారిలో దాన్ని గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. పేరు బయటపడితే మందుకు పలుకు పోతుందట. పని చెయ్యదన్నమాట.

అతని బామ్మర్ది, అంటే భార్య తమ్ముడు, మా ఫారంలోనే వెల్డరు. ఇద్దరిదీ ఒకే గది. ఆ నెల సెలవు మీద ఇంటికి వెళ్లి ఉన్నాడు. మాటలు తక్కువ మనిషి. పని చేస్తున్నప్పుడు పక్కన ఎవరున్నారో చూసుకోడు. బావ కోసం మందు తెస్తానన్నాడు. నేను వద్దనలేదు. ఆకుపొడే కదా అనుకున్నాను.

అతను రావలసిన శుక్రవారం ఫిట్టరు మధ్యాహ్నానికే కోడికూర వండి పెట్టాడు. బామ్మర్ది సాయంత్రానికీ రాలేదు. ఫోను ఎత్తలేదు. మర్నాడు కంపెనీ మందూబ్ మా ఇద్దరినీ తన గదికి పిలిపించాడు. మందూబ్ అంటే ప్రభుత్వ ఆఫీసుల్లో కంపెనీ పనులు చక్కబెట్టే మనిషి. స్థానికుడే, నెమ్మదస్తుడు. వెల్డరును రియాద్ విమానాశ్రయంలోనే ఆపేశారని చెప్పాడు. పచ్చళ్లు, కారప్పొడుల మధ్య చిన్న పొట్లంలో తెల్లపొడి దొరికిందట.

“మాదకద్రవ్యమా అని పరీక్ష చేశారు. కాదని వచ్చింది” అన్నాడు మందూబ్ అరబ్బీలో. “వాళ్లకు పొడితో అంత బాధ లేదు మిత్రమా. ఉర్దూ తెలిసిన మనిషిని పెట్టి ఇదేంటని అడిగారట. ఇతను ‘నామ్ నై బోల్నా’ అన్నాడట. పేరు చెప్పకూడదు అని. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఎవరు చెప్పొద్దన్నారు అంటే ‘దేనేవాలీ’ అన్నాడట. ఇచ్చినావిడ! నువ్వు ఆ గదిలో ఉన్న అధికారివైతే ఏమనుకుంటావు?”

ఫిట్టరు గోడకు చేరగిలబడ్డాడు. “వానికి పేరు ఎరుకే లేదు సార్” అన్నాడు నాతో. “ఎరుకున్నా చెప్పడు. నాకోసం మందు పలుకు పోవద్దని.”

నాకు అర్థమైంది. ఆ గదిలో అధికారికి ఎప్పటికీ అర్థం కానిది కూడా అదే. తెలియదు అని ఒక్క మాట అని ఉంటే పోయేది. చెప్పకూడదు అన్నాడు.

పొడి రెండో పరీక్షకు వెళ్తుందని, ఈలోగా అదేమిటో తెలిస్తే తను వెళ్లి మాట్లాడటానికి వీలుంటుందని మందూబ్ అన్నాడు. ఆ సాయంత్రం ఫిట్టరు గదిలో కూర్చుని వాళ్ల ఊరికి వీడియో కాల్ చేశాం. ఫిట్టరు భార్య ఫోను పట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లింది. తెరలో ముందు ఒక మంచం కోడు, తర్వాత అవ్వ మొహం సగం కనిపించాయి.

“అవ్వా, నేను మీ వాళ్లు పనిచేసే దగ్గర కెమిస్టుని. నీ మందులో తెల్లపొడి ఏంటో చెప్పాలి.”

“గది అడగద్దు బిడ్డా. మా అత్త నాకు చెవుల చెప్పింది. నేను పొయ్యేటప్పుడు నా కోడలికి చెవుల చెప్త. నడుమల ఎవ్వలకు చెప్పినా మన్ను తోటి సమానం.”

“అవ్వా, నీ కాల్మొక్త” అంది ఫిట్టరు భార్య వెనకనుంచి. “మా తమ్ముణ్ణి లోపలేసిన్రే. గా పొడికే ఏసిన్రు.”

“ఏందీ? లోపలేసిన్రా? ఉప్పుకా?”

అని ఆగిపోయింది. ఉప్పు అన్నమాట. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

“పేరు వద్దులే అవ్వా. ఎట్లా చేస్తావో అది చెప్పు. చెయ్యడం చెప్పకూడదని మీ అత్త అనలేదు కదా?”

కాళ్ల దగ్గరి కోడిపిల్లలను అదిలించిన చప్పుడు వినపడింది. తర్వాత అవ్వ నవ్వింది. “పేరు అడగద్దన్నరు గని, పని అడగద్దని ఎవ్వలనలే. గంత పని ఎవ్వలడుగుతరు తియ్యి.”

చెప్పింది. పాత పశువుల కొట్టం గోడలకు కింది భాగంలో తెల్లగా పూస్తుందట. చలికాలం పొద్దున్నే దాన్ని గీకి తెస్తుంది. నీళ్లలో నానబెట్టి తేరుస్తుంది. ఉత్తరేణి కాల్చిన బూడిద మీదుగా ఆ నీళ్లను వడగడుతుంది. తెల్లగా విరిగిన మడ్డిని పారబోసి, తేట నీళ్లను కాచి, చల్లార్చి, పక్కన పెడుతుంది.

“చల్లారాక అడుగున ఎలా ఉంటుంది?”

“సూదులు సూదులు నిలుస్తది బిడ్డా.”

“నాలుక మీద పెడితే?”

“సల్లగుంటది. ఎండాకాలం గూడ సల్లగనే.”

అప్పటికే తెలిసిపోయింది. అయినా అడిగాను. “నిప్పుల మీద పడితే?”

“అమ్మో, సిటపటమని వెలుగుతది. గందుకే పొయ్యికాడ పెట్టద్దంట కోడలికి.”

ఫోను పెట్టేశాను. అది సురేకారం. పొటాషియం నైట్రేట్. పశువుల మూత్రం మట్టిలో ఇంకి, ఏళ్ల తరబడి కంటికి కనపడని క్రిములు దాన్ని మార్చగా, గోడలోని సున్నంతో కలిసి ఒక ఉప్పు పుడుతుంది. బూడిదలో ఇంకో ఉప్పు ఉంటుంది. రెండూ జతలు మార్చుకుంటాయి. సున్నం వైపుది సుద్దగా విరిగిపోతుంది, అంటే నేను జన్మంతా గొట్టాల్లోంచి గోకించిన అదే సుద్ద. నీళ్లలో మిగిలేది సురేకారం. మూత్రం జారీ కావడానికి పాత వైద్యంలో అది వాడేవారని నాకు తెలుసు. పాతకాలంలో తుపాకుల్లో దట్టించే పొడిలో ముఖ్యమైన సరుకు అదేనని కూడా తెలుసు. అరబ్బీలో దాని పాత పేరులోనే బారూదు, అంటే తుపాకిమందు, ఉంది.

“ఏందది సార్?” అన్నాడు ఫిట్టరు. నా మొహం చూసే అడిగాడు.

చెప్పాను. అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

“సార్, వంటసోడా అని రాసియ్యిన్రి. గది గూడ తెల్లగనే ఉంటది గద.”

“ఒక్క చుక్క వెనిగర్ వేస్తే వంటసోడా పొంగుతుంది. ఇది పొంగదు. అక్కడ ఉన్నవాళ్లు నాకంటే పెద్ద కెమిస్టులు. అబద్ధం రాసిచ్చానని తెలిస్తే నీ బామ్మర్ది నిజంగానే ఏదో దాస్తున్నాడని అనుకుంటారు.”

“మరి నిజం రాస్తె ఏమనుకుంటరు సార్?”



పొద్దున మందూబ్ గదికి వెళ్లాను. తలుపు వేసి చెప్పాను. పేరు వినగానే అతను ఖహ్వా కాఫీ కప్పు కింద పెట్టాడు.

“నువ్వు నాకు ఇది చెప్పలేదనుకుందాం” అన్నాడు. “నువ్వు నీళ్ల కెమిస్టువి. నీకు తెలియకపోవడం నేరం కాదు. పరీక్షలో ఏం వస్తే అది వస్తుంది. నువ్వు కాగితం మీద పెడితే అది నీ మాట అవుతుంది, కంపెనీ మాట అవుతుంది.”

ఆలోచించి చెప్తానని బయటికి వచ్చాను. అబద్ధం రాయనని నాకు ఎప్పుడో తెలుసు. ఏమీ రాయకుండా ఉండటం అనే దారి ఒకటి ఉందని అతను చెప్పేవరకూ తట్టలేదు. ప్లాంటులో ఆ రోజు నమూనాలు రెండుసార్లు తప్పుగా పట్టాను. ఒక పక్క అనిపించింది, పరీక్షలో ఆ మాట ఒంటరిగా బయటపడితే, పక్కన ఇది పల్లెటూరి రాళ్ల మందు అని చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఇంకో పక్క అనిపించింది, అంత చిన్న పొట్లాన్ని ఎవరూ పట్టించుకోకపోవచ్చు, నేనే దానికి పేరు పెట్టి ఎత్తి చూపిస్తున్నానేమో.

మధ్యాహ్నం గేటు పక్కన మందుల షాపుకు వెళ్లాను. పళ్లు జివ్వుమనేవాళ్లు వాడే టూత్‌పేస్టు ఒకటి కొన్నాను. డబ్బా మీద సన్న అక్షరాలు చదువుకుని, నేరుగా మందూబ్ బల్ల మీద పెట్టాను.

“ఈ లైను చదవండి.”

కళ్లజోడు తీసేసి, డబ్బాను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. నైట్రేట్ పేరు అరబ్బీలో స్పష్టంగా ఉంది.

“ఇది మా అమ్మ వాడుతుంది” అన్నాడు.

“అదే ఉప్పు. పొలాల్లో ఎరువుగా చల్లుతారు. మాంసం నిలవ ఉండటానికి కలుపుతారు. మా పల్లెల్లో మూత్రంలో రాయికి తాగుతారు. తెచ్చిన మనిషికి దాని పేరు కూడా తెలియదు. పేరు పలికితే మందు పనిచెయ్యదని వాళ్ల నమ్మకం.”

అతను టూత్‌పేస్టును అటూ ఇటూ తిప్పాడు. “రాయి” అన్నాడు.

ఇంగ్లీషులో అర పేజీ రాశాను. పొడి ఏమై ఉంటుందో, ఎలా తయారు చేశారో, ఎవరికోసమో, ఎందుకు పేరు చెప్పలేదో రాసి సంతకం పెట్టాను. అతను దాన్ని అరబ్బీలో రాయించుకుని, టూత్‌పేస్టు కూడా జేబులో వేసుకుని రియాద్ బయలుదేరాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో సరిగ్గా గుర్తులేదు. ఆ మధ్యలోనే ఫిట్టరుకు మళ్లీ నొప్పి లేచింది. ఈసారి వాంతులు, జ్వరం. మూత్రం ఆగిపోయింది. అతని ఇష్టం అడిగే వ్యవధి కూడా లేక ఆసుపత్రిలో చేర్చారు. లేజరుతో రాయిని పగలగొట్టి ముక్కలు తీశారు. మెలకువ రాగానే అతను అడిగింది బామ్మర్ది గురించే.

రెండో పరీక్షలోనూ నేను రాసిందే వచ్చింది. మందూబ్ వచ్చి చెప్పాడు. కేసు పెట్టడం లేదు. కానీ అనుమతి లేని పదార్థం తెచ్చాడు, అడిగితే జవాబివ్వలేదు. కంపెనీ కూడా అతన్ని తిరిగి తీసుకోవడానికి ఇష్టపడలేదు. నివాస అనుమతి అయిన ఇఖామా రద్దు చేసి ఖురూజ్ కొట్టిస్తారు. అంటే పంపించేస్తారు, మళ్లీ ఇప్పట్లో రావడానికి ఉండదు.

“హమ్దులిల్లా అనుకో” అన్నాడు మందూబ్. “ఇంకా ఘోరం జరిగి ఉండేది.”

“నా కాగితం వల్ల మేలు జరిగిందా?”

అతను భుజాలు ఎగరేశాడు. “అధికారి చదివాడు. టూత్‌పేస్టు చూసి నవ్వాడు. తర్వాత కాగితం ఫైల్లో పెట్టాడు. అంతకంటే నాకు తెలియదు.”

పంపించేసేవాళ్లను ఉంచే చోటికి అతని బట్టల సంచీ తీసుకుని నేనే వెళ్లాను. ఫిట్టరు ఇంకా మంచం మీదే ఉన్నాడు. మందూబ్ లోపల మాట్లాడి కొద్దిసేపు కలవనిచ్చేలా చేశాడు. మధ్యలో ఇనుప జాలీ. వెల్డరు గడ్డం పెరిగి వచ్చాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

“బావ రాయి ఎట్లయింది సార్?”

“పగలగొట్టి తీశారు. బాగానే ఉన్నాడు. రేపో మాపో నడుస్తాడు.”

“మందు లేకుంటనే పాయె.”

“అవును.”

తల ఊపాడు. సంచీలో ఏమేమున్నాయో చెప్పాను. చలికోటు, ఫోను ఛార్జరు, వెల్డింగు కళ్లద్దాలు. కళ్లద్దాలు బావకే ఉంచమన్నాడు. కొంచెం ఆగి, జాలీ మీది తుప్పును గోటితో గీకుతూ అన్నాడు.

“ఈడ ఫోన్ చెయ్యనిచ్చిన్రు, అక్క చెప్పింది. పేరు మీరే చెప్పిన్రట గద సార్.”

“నేను చెప్పకపోయినా వాళ్ల యంత్రం చెప్పేది.”

“యంత్రం చెప్తె యంత్రం పాపం. మీరెందుకు చెప్పిన్రు సార్?”

కోపంగా అడగలేదు. టీ వేళ వాళ్ల బావ ఉప్పుల గురించి అడిగినట్టే అడిగాడు. పేరు లేని తెల్లపొడి కంటే పేరున్నది తక్కువ భయపెడుతుందని నేను అనుకున్నానని చెప్పవచ్చు. చెప్పకపోతే ఇంకా ఘోరం జరిగేదేమో అని కూడా చెప్పవచ్చు. అతను నిలబడ్డ చోటు నుంచి చూస్తే ఇంకా ఘోరం అన్నది ఎక్కడా లేదు. 

“అవ్వ ఇగ మందియ్యనన్నదట” అన్నాడు. “పలుకు పోయిందట. ఊర్ల రాళ్లున్నోళ్లందరు మమ్మల్నే అంటరు.”

“మీ వాళ్లకు నేను ఫోన్ చేసి అంతా వివరంగా చెప్తాను.”

“వద్దు సార్. మీరు మళ్ల దాని పేరే చెప్తరు.” మొదటిసారి కొద్దిగా నవ్వాడు. “నేనే పొయ్యి చెప్పుకుంట.”

లోపలినుంచి ఎవరో అరబ్బీలో కేక వేశారు. అతను వెనక్కి చూశాడు. అవతలి వైపు తలుపు తీసి సంచీ అతనికి అందించారు. బయలుదేరేవాళ్ల వరుసలో నిలబడ్డాడు. వరుస కదిలినప్పుడల్లా సంచీని కాలితో ముందుకు జరుపుకుంటూ వెళ్లాడు.